గోడకో రోలర్, గేటుకో బ్రష్: పెయింట్ పనికి సరైన సామాను ఎంచుకోవడం ఎలా

ఇంటికి రంగులు వేయించాలి అనుకోగానే అందరం ముందు కూర్చునేది షేడ్ కార్డు ముందే. హాల్లోకి క్రీమా, లైట్ గ్రేనా, ఏ కంపెనీ, ఎన్ని లీటర్లు, వారంటీ ఎన్నేళ్ళు... ఈ చర్చ ఇంట్లో వారం నడుస్తుంది. బ్రష్షులూ రోలర్లూ మాత్రం బిల్లు కట్టేటప్పుడు "అన్నా, ఓ రెండు బ్రష్షులు కూడా వెయ్యి" అని చివర్లో తీసుకుంటాం. తీరా పని అయ్యాక తలుపు మీద నిలువు గీతలు కనిపిస్తాయి, గోడ మీద చెయ్యి పెడితే సన్నటి నూగు తగులుతుంది, గ్రిల్ మీద ఊడిన వెంట్రుకలు రంగులో అలాగే ఎండిపోయి ఉంటాయి. అప్పుడు కంపెనీని తిట్టుకుంటాం. వీటిలో చాలావరకు డబ్బాలోని రంగు తప్పు కాదు, దాన్ని పూసిన సామాను తప్పు.

ఇక్కడ చెప్పేవన్నీ సొంతంగా రంగు వేసుకునేవాళ్ళకీ, మేస్త్రీతో వేయించుకునేవాళ్ళకీ కూడా. మేస్త్రీ ఉంటే మనకెందుకులే అనుకోకండి. లేబర్ కాంట్రాక్టు మాట్లాడేటప్పుడే బ్రష్షులు ఎవరు తేవాలో తేల్చుకోకపోతే, పోయిన సైటులో సగం అరిగిన రోలరే మీ హాల్లోకి వస్తుంది.

మొదటి పని: డబ్బా మీద రాసింది చదవడం

షాపులో బ్రష్ పట్టుకునే ముందు ఒక్క విషయం తేలాలి. మీ పెయింటు నీళ్ళతో పలచన చేసేదా, టర్పెంటైన్‌తోనా? డబ్బా మీద థిన్నింగ్ అని రాసిన చోట చూస్తే తెలిసిపోతుంది. డిస్టెంపర్, లోపలి గోడల ఎమల్షన్, బయటి గోడల ఎమల్షన్, వాటర్ బేస్డ్ ప్రైమర్లు, ఈమధ్య బాగా వస్తున్న వాటర్ బేస్డ్ ఎనామెల్ ఇవన్నీ నీళ్ళ జాతి. గేట్లకీ తలుపులకీ వేసే మామూలు ఎనామెల్, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, మామూలు ఉడ్ ప్రైమర్, వార్నిష్, ఆయిల్ స్టెయిన్ ఇవి నూనె జాతి. డబ్బా మీద 'సింథటిక్ ఎనామెల్' అని ఉంది కదా, సింథటిక్ బ్రషే కావాలేమో అని చాలామంది పొరబడతారు. ఆ సింథటిక్‌కీ బ్రష్షుకీ సంబంధం లేదు, అది నూనె పెయింటే.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, మంచి ఎనామెల్ బ్రష్షుల్లో ఉండేది ఎక్కువగా పంది వెంట్రుక, అది నీళ్ళు పీల్చుకుంటుంది. దాన్ని ఎమల్షన్‌లో ముంచి కాసేపు పనిచేస్తే చాలు, వెంట్రుకలు ఉబ్బి, బిగువు పోయి, పక్కలకి విచ్చుకుపోతాయి, ఇక ఆ బ్రష్షుతో అంచు నేరుగా గీయడం మర్చిపోవాలి. నూనె పెయింటులో ఆ బాధ లేదు. పైగా ఆ వెంట్రుకల కొనలు సహజంగానే చీలి ఉంటాయి కాబట్టి చిక్కటి ఎనామెల్‌ని ఎక్కువ పట్టుకుని పలచగా, సమంగా వదులుతాయి, గీతలు తక్కువ పడతాయి.

నీళ్ళ పెయింటుకి నైలాన్, పాలియెస్టర్ లేదా రెండూ కలిపిన బ్రష్ తీసుకోండి, వీటినే సింథటిక్ బ్రష్షులంటారు. నైలాన్ మెత్తగా పరుస్తుంది, తొందరగా అరగదు, కానీ వేడికి కాస్త వాలిపోతుంది. పాలియెస్టర్ ఎండలో కూడా బిగువుగానే నిలబడుతుంది. మన ఎండాకాలంలో బయటి గోడ వేసేవాళ్ళు పాలియెస్టర్ ఎక్కువ ఉన్నదే చూసుకోవాలి. రెండు రకాలు కొనే ఓపిక లేనివాళ్ళు ఒక మంచి పాలియెస్టర్ బ్రష్ కొనుక్కుంటే అది ఎనామెల్‌కి కూడా పనికొస్తుంది. వెంట్రుక బ్రష్షుని మాత్రం ఎమల్షన్‌కి వాడటం కుదరదు. పంది వెంట్రుక ఇంట్లోకి, ముఖ్యంగా పూజగది తలుపు దాకా, వద్దనుకునేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళు కూడా తలుపులకి పాలియెస్టర్ నిశ్చింతగా వాడుకోవచ్చు. ఏది ఏదో షాపతను చెప్పలేకపోతే ఒక్క పోగు లాగి ఇంటికొచ్చి అగ్గిపుల్లతో కాల్చండి. జుట్టు కాలిన వాసన వచ్చి బూడిదైతే వెంట్రుక, కరిగి గట్టి పూస కడితే నైలానో పాలియెస్టరో.

సున్నం, సిమెంట్ పెయింట్ సంగతి వేరు

పల్లెల్లో సంక్రాంతికి ముందు ఇప్పటికీ వెల్ల వేస్తారు, పట్నాల్లో ప్రహరీలకి, పిట్టగోడలకి సిమెంట్ పెయింట్ కొడతారు. ఈ రెండూ ఘాటైన క్షారాలు. వెంట్రుక అనేది ప్రోటీన్ కాబట్టి సున్నంలో పెళుసెక్కి తునకలైపోతుంది. అందుకే సున్నానికి పూర్వం నుంచీ మొక్కల నారే వాడారు. ఈత మట్టో తాటి మట్టో కొన దంచి కుంచె చేసుకునేవాళ్ళు. తాటి నార అచ్చంగా మన కోస్తా సరుకు, కాకినాడ నుంచి బ్రష్షుల తయారీ కోసం విదేశాలకి కూడా వెళ్ళేది. ఇప్పుడు హార్డ్‌వేర్ షాపుల్లో నార కుంచెలూ, వెడల్పాటి ప్లాస్టిక్ పోగుల బ్రష్షులూ దొరుకుతాయి, ఏదైనా ఫరవాలేదు, వెంట్రుకది తప్ప. తల పైకెత్తి సున్నం కొట్టేటప్పుడు కళ్ళజోడు పెట్టుకోండి, కంట్లో పడితే చాలా ప్రమాదం.

సైజు, ఆకారం

మన దగ్గర బ్రష్షులు అంగుళాల లెక్కలోనే అమ్ముతారు. కిటికీ ఊచలు, గ్రిల్ పువ్వులు, స్విచ్ బోర్డు చుట్టూ అయితే 1 అంగుళం. కిటికీ ఫ్రేములు, పైపులు అయితే 1½. గోడ మూలలు, సీలింగ్ అంచు, తలుపు పలకలు, ద్వారబంధం అయితే 2 లేదా 2½. నున్నటి పెద్ద ఫ్లష్ డోరు అయితే 3. గరుకు ప్రహరీలకి 4, 5. ఒకే ఒక్క బ్రష్ కొనాలంటే 2½ కొనండి, అటూ ఇటూ సర్దుకుంటుంది.

చిన్న బ్రష్షుతో పెద్ద తలుపు వెయ్యొచ్చు కదా, టైమేగా పట్టేది అనుకుంటారు. కుదరదు. ఒక పక్క వేసి రెండో పక్కకి వచ్చేలోపు మొదటిది ఆరడం మొదలవుతుంది, ఆరుతున్న రంగు అంచు మీద తడి రంగు పడితే ఆ జాయింటు ముదురుగా కనబడుతుంది, రెండో కోటు వేసినా పూర్తిగా పోదు.

కొన ఏటవాలుగా కోసి ఉండే బ్రష్షులు కూడా ఉన్నాయి. సీలింగ్‌కీ గోడకీ మధ్య గీత నేరుగా లాగాలంటే అవి చాలా సుఖం, పొడవు వైపు కొన ముందు వెళ్తూ దారి చూపిస్తుంది. చిన్న ఊళ్ళలో దొరక్కపోతే ఆన్‌లైన్లో తెప్పించుకోండి, సొంతంగా వేసుకునేవాళ్ళకి ఇది నిజంగా ఖర్చు పెట్టదగ్గ వస్తువు.

గడపకి పసుపు ఎనామెల్ వేసి ఎర్ర బొట్లు పెట్టేవాళ్ళు పసుపుకి 2 అంగుళాలది, బొట్లకి గుండ్రటి చిన్న ఆర్ట్ బ్రష్ తీసుకోండి. ఆర్ట్ బ్రష్ కొనేటప్పుడు సింథటిక్ అని అడిగి తీసుకోండి. ముంగిస వెంట్రుకతో చేసిన బ్రష్షులు ఇంకా అక్కడక్కడా చాటుగా అమ్ముతున్నారు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ వ్యాపారం నేరం, వాటికోసం ముంగిసల్ని చంపుతారు. దయచేసి కొనకండి.

షాపులో బ్రష్షుని ఎలా చూడాలి

ఇక్కడ తొందరపడకండి. షాపతను కౌంటర్ మీద పెట్టిన బ్రష్షుని అట్ట తొడుగు తీసి చేతిలోకి తీసుకోండి. మొదట పోగుల్ని రెండు బొటనవేళ్ళతో మధ్యకి విప్పి మొదట్లోకి చూడండి. అక్కడ చెక్కదో ప్లాస్టిక్‌దో ఓ సన్నటి బిళ్ళ కనిపిస్తుంది. అది ఉండాల్సిందే, రంగు నిలవడానికి లోపల కాస్త ఖాళీ కావాలి. కానీ చవక బ్రష్షుల్లో ఆ బిళ్ళే సగం మందం ఉంటుంది, చుట్టూ పైపైన పోగులుంటాయి. బయటికి ఒత్తుగా కనపడుతుంది, రంగులో ముంచితే ఒట్టిపోతుంది. అలాంటిది వెనక్కి ఇచ్చేయండి.

తర్వాత పోగుల్ని అరచేతికి ఆనించి వంచి వదలండి. వెంటనే నేరుగా లేవాలి. వంగినచోటే ఉండిపోతే అది అంచు గీయదు, కర్రపుల్లల్లా గట్టిగా గుచ్చుకుంటే తప్పకుండా గీతలు పెడుతుంది. ఇప్పుడు కొనల్ని వెలుతురుకి పెట్టి చూడండి. మంచి బ్రష్షులో ఒక్కో పోగు కొన రెండుమూడు పాయలుగా చీలి ఉంటుంది, అంచు మొత్తం రెండువైపుల నుంచీ సన్నగా, ఉలి మొనగా దిగుతుంది. కత్తెరతో నేరుగా కోసినట్టు మొద్దుగా ఉంటే అది ప్రైమర్‌కి తప్ప పైకోటుకి వద్దు. చిన్న, మధ్య సైజు బ్రష్షుల్లో పోగుల పొడవు బ్రష్ వెడల్పు కంటే తక్కువ ఉండకూడదు. ముఖ్యంగా 2 అంగుళాల బ్రష్షుకి పొట్టి పోగులుంటే రంగు పట్టదు, చెయ్యి ఊరికే డబ్బాలోకి వెళ్తూనే ఉంటుంది.

చివరగా పోగుల్ని పిడికిట పట్టుకుని ఓ రెండుసార్లు లాగండి. రెండు మూడు ఊడితే కొత్త బ్రష్షుకి మామూలే. లాగిన ప్రతిసారీ వస్తూనే ఉంటే ఆ వెంట్రుకలన్నీ రేపు మీ తలుపు మీద ఉంటాయి. పిడినీ పోగుల్నీ కలిపే రేకు పట్టీని కదిలించి చూడండి, కాస్త లూజున్నా నాలుగు రోజుల్లో ఊడి చేతికొస్తుంది. రేకుకి తుప్పు మచ్చ ఉంటే ఎమల్షన్‌కి అసలు వద్దు, తెల్ల రంగులో గోధుమ చారలు దిగుతాయి. షాపతను "ఇంతసేపు చూడటానికి ఏముంది అన్నా" అన్నా పట్టించుకోకండి.

రోలర్‌లో చూడాల్సింది నూగు పొడవు

రోలర్ అంటే పిడి ఉన్న ఫ్రేమ్ ఒకటి, దానిమీద ఎక్కించే నూగు గొట్టం ఒకటి. గొట్టాన్ని స్లీవ్ అంటారు, కొన్ని షాపుల్లో రీఫిల్ అంటారు. ఫ్రేమ్ ఒక్కసారి మంచిది కొనుక్కుంటే స్లీవులు మార్చుకుంటూ ఏళ్ళ తరబడి వాడొచ్చు.

స్లీవ్ ఎంచుకోవడానికి సూత్రం చాలా సింపుల్. గోడ ఎంత నున్నగా ఉంటే నూగు అంత పొట్టిగా, గోడ ఎంత గరుకుగా ఉంటే నూగు అంత పొడవుగా ఉండాలి. లప్పం పెట్టి రుద్దిన లోపలి గోడకి 8 నుంచి 12 మిల్లీమీటర్లు. ఫ్లష్ డోరు, అల్మరా తలుపు, నున్నటి ఇనుప రేకు అయితే 4 నుంచి 6, లేదంటే ఫోమ్. బయట ఇసుక గరుకుతో వదిలేసిన సిమెంటు గోడకి, టెక్స్చర్ గోడకి 18 నుంచి 20. పొడవు నూగు రంగు ఎక్కువ పట్టుకుంటుంది, గుంటల్లోకి దిగుతుంది, అందుకే గరుకు గోడకి అది తప్పనిసరి. కానీ అదే స్లీవ్‌తో లప్పం గోడ వేస్తే రంగు నున్నగా ఆరదు, దగ్గర్నుంచి చూస్తే నారింజ తొక్క మీద ఉండే సన్న బొడిపెలు గోడంతా తేలతాయి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడే గోడ మీద ఇంకా స్పష్టంగా. ఇక పొట్టి నూగుతో గరుకు గోడ వేస్తే గుంటల్లో పాత రంగు అలాగే ఉండిపోతుంది, మేస్త్రీ మూడో కోటు అడుగుతాడు, పెయింటూ కూలీ రెండూ పెరుగుతాయి. నాకైతే ఇళ్ళల్లో అనవసరంగా పోయే డబ్బులో పెద్ద వాటా ఇక్కడే అనిపిస్తుంది.

నూగు దేనితో చేశారన్నది తర్వాత మాట. నీళ్ళ పెయింటుకి పాలియెస్టర్, మైక్రోఫైబర్ రెండూ బాగుంటాయి. మైక్రోఫైబర్ రంగుని తక్కువ చిందిస్తుంది, ముగింపు నున్నగా వస్తుంది, ధర కాస్త ఎక్కువ. ఫోమ్ రోలర్‌ని ఎనామెల్‌తో తలుపులకి వాడొచ్చు, కానీ గట్టిగా నొక్కితే బుడగలు పుడతాయి. ఎన్‌సీ థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ పూతల్ని పలచన చేసేది) లాంటి ఘాటు ద్రావకాలు కలిపే లక్కర్లకి (చెక్కకి వేసే, త్వరగా ఆరే పూతలకి) ఫోమ్ అసలు పనికిరాదు, ఉబ్బి ముక్కలై పోతుంది.

స్లీవ్ చేతిలో పట్టుకుని రెండు పరీక్షలు చెయ్యండి. వేలితో నూగు మీద పొడవునా రుద్దండి. అతుకు గట్టిగా చేతికి తగిలితే, తిరిగిన ప్రతిసారీ గోడ మీద గీత పెడుతుంది. నూగుని చిటికెతో లాగండి, దారాలు చేతికొస్తే వద్దు. గొట్టం లోపల అట్ట ఉందా, ప్లాస్టిక్ ఉందా చూడండి. అట్టదైతే ఒకసారి కడగగానే నానిపోతుంది.

ఫ్రేమ్ విషయానికొస్తే, గోడలకి 9 అంగుళాలది, తలుపులకీ బాత్రూమ్ తలుపు వెనకలాంటి ఇరుకు చోట్లకీ 4 అంగుళాలది. ఖాళీ ఫ్రేమ్‌ని వేలితో తిప్పి చూడండి, శబ్దం లేకుండా కాసేపు తిరగాలి. ఎక్కించిన స్లీవ్ దానంతటది జారకూడదు. పిడి అడుగున కర్ర బిగించుకునే మరలు కానీ బొక్క కానీ ఉందో లేదో తప్పక చూడండి. సీలింగ్ నిచ్చెనెక్కి దిగుతూ వేస్తే మెడ పట్టేస్తుంది, పొడవు కర్ర బిగించుకుని నేల మీద నిలబడి వేస్తే అదే సీలింగ్ ఎంతో తేలికగా అయిపోతుంది, పడిపోయే ప్రమాదమూ ఉండదు.

రెండు బెడ్‌రూముల ఇంటికి ఏమేం కొనాలి

నా లెక్క ఇది. 9 అంగుళాల ఫ్రేమ్ ఒకటి, దానికి 10 మిల్లీమీటర్ల నూగు స్లీవులు మూడు: ప్రైమర్‌కి ఒకటి, సీలింగ్ తెలుపుకి ఒకటి, గోడ రంగుకి ఒకటి. ఒక గోడకి ముదురు రంగు అనుకుంటే ఇంకో స్లీవ్ విడిగా కొనండి, ముదురు రంగు చూసిన స్లీవ్ ఎంత కడిగినా లేత రంగులోకి కాస్త దిగుతుంది. 4 అంగుళాల చిన్న రోలర్ ఒకటి, పొట్టి నూగుది. సింథటిక్ బ్రష్షులు 2½, 1 అంగుళాలవి ఒక్కోటి. తలుపులూ గ్రిల్సూ ఎనామెల్ అయితే వెంట్రుక బ్రష్షులు 2, 1 అంగుళాలవి ఒక్కోటి. పొడవు కర్ర, ట్రే లేదా బకెట్‌లో పెట్టుకునే జాలీ, మాస్కింగ్ టేపు, పాత నూలు గుడ్డలు. ప్రైమర్‌కి కొత్త మంచి బ్రష్ అక్కర్లేదని చాలామంది పాతది వాడతారు. అనుభవం ఉన్న మేస్త్రీలు ఇంకో పని చేస్తారు, కొత్త వెంట్రుక బ్రష్షుని ముందు ప్రైమర్‌లో వాడి, ఊడాల్సిన వెంట్రుకలన్నీ అక్కడ ఊడిపోయాక, శుభ్రంగా కడిగి ఎనామెల్ పైకోటుకి తీస్తారు. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది.

మొదలుపెట్టే ముందు

కొత్త బ్రష్షుని అరచేతికి కొట్టి దులపండి, వేళ్ళతో దువ్వండి. నీళ్ళ పెయింటు బ్రష్ అయితే సబ్బునీళ్ళలో కడిగి ఆరనివ్వండి. కొత్త స్లీవ్ చుట్టూ మాస్కింగ్ టేపు అతికించి లాగేస్తే వదులుగా ఉన్న నూగంతా టేపుకి వచ్చేస్తుంది, ఇది రెండుమూడు సార్లు చెయ్యండి. ఎమల్షన్ మొదలుపెట్టే ముందు రోలర్‌నీ బ్రష్షునీ నీళ్ళలో తడిపి బాగా పిండి దులిపితే రంగు సమంగా ఎక్కుతుంది, పోగుల మొదట్లో గట్టిపడదు. నూనె పెయింటుకి నీళ్ళ తడి అస్సలు ఉండకూడదు, టర్పెంటైన్‌లో ఒకసారి ముంచి దులపండి.

పాత తలుపులు రుద్దేవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామెల్‌లో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దకుండా నీళ్ళ ఎమరీ పేపర్‌తో తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి, పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ గదిలోకి రానివ్వకండి.

గోడ వేసేటప్పుడు

ముందు బ్రష్షుతో మూలలూ, సీలింగ్ అంచూ, స్విచ్ బోర్డుల చుట్టూ రెండు మూడు అంగుళాల పట్టీ వెయ్యండి, అది ఆరకముందే రోలర్ పట్టండి. నాలుగు గోడల అంచులూ ఒకేసారి వేసుకుని కూర్చుంటే మొదటి గోడ అంచు ఆరిపోయి గోడ చుట్టూ ఫ్రేమ్ కట్టినట్టు కనబడుతుంది. ఒక్కో గోడ పూర్తి చేసుకుంటూ వెళ్ళండి. రోలర్‌ని ట్రేలో ముంచి ఏటవాలు భాగం మీద నాలుగైదుసార్లు తిప్పితే నూగంతా సమంగా తడుస్తుంది. గోడ మీద పెద్ద 'డబ్ల్యూ' ఆకారంలో రంగు పెట్టి, ఖాళీలు నింపి, చివరికి పైనుంచి కిందికి తేలిగ్గా ఒకే దిశలో లాగండి. రోలర్‌ని నొక్కకండి. నొక్కితే అంచుల నుంచి రంగు బయటికొచ్చి నిలువు పట్టాలు పడతాయి, రంగు అయిపోయిందంటే మళ్ళీ ముంచాలి అంతే. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాన్లు ఆపి పొద్దున్నే వేసుకోవడం మంచిది. వానాకాలంలో దీనికి తిరగేసి, తలుపులూ కిటికీలూ తెరిచి గాలి ఆడనివ్వండి, కోటుకీ కోటుకీ మధ్య డబ్బా మీద చెప్పినదానికంటే ఎక్కువ టైము ఇవ్వండి.

తలుపు మీద ఎనామెల్

ఇది ఓపిక పని, బ్రష్ మంచిదో కాదో ఇక్కడే బయటపడుతుంది. పోగుల్లో మూడోవంతు మాత్రమే ముంచండి. డబ్బా అంచుకి గీకొద్దు, లోపలి గోడకి రెండువైపులా మెల్లగా తట్టండి, కారేది కారిపోతుంది, కావాల్సింది పోగుల్లో ఉంటుంది. పలకలున్న టేకు తలుపైతే ముందు లోపలి పలకలు, తర్వాత అడ్డపట్టీలు, ఆఖరికి నిలువు పట్టీలు. ఒక్కో భాగంలో ముందు రంగు పెట్టి, అడ్డంగా పరిచి, చివర్లో బ్రష్షుని దాదాపు బరువు లేకుండా పట్టుకుని కొనలు మాత్రమే తగిలేలా చెక్క రేఖల వెంట ఒక్క లాగు లాగాలి. ఆ చివరి లాగు మధ్యలో ఆపొద్దు, తలుపు అంచు దాటాక గాల్లోకి లేపాలి. అక్కడితో వదిలెయ్యండి. ఎక్కడో సన్న గీత కనిపించిందని కాసేపయ్యాక మళ్ళీ బ్రష్ పెడితే అప్పటికే జిగటెక్కిన రంగు లేచిపోతుంది. మంచి ఎనామెల్ తనంతట తాను కాస్త సర్దుకుంటుంది, దానికి టైమివ్వాలి. రంగు బ్రష్షుని పట్టి లాగుతున్నట్టు అనిపిస్తే డబ్బా మీద రాసిన మోతాదులోనే టర్పెంటైన్ కలపండి. ఒక రాత్రి ఆరాక సన్న ఎమరీ పేపర్‌తో పైపైన రుద్ది, దుమ్ము తుడిచి రెండో కోటు.

గ్రిల్స్‌కి, గేటుకి రోలర్ జోలికి పోకండి. ఊచల వెనక వైపూ, వెల్డింగ్ జాయింట్లలోకీ 1 అంగుళం బ్రష్ తప్ప వేరేది చేరదు, తుప్పు మొదలయ్యేదీ సరిగ్గా అక్కడే.

చెక్కకి స్టెయిన్, పాలిష్

స్టెయిన్ గోడ రంగులాంటిది కాదు, చెక్క లోపలికి దిగి రంగిస్తుంది. కాబట్టి ఇక్కడ బ్రష్ కన్నా గుడ్డ ముఖ్యం. మెత్తటి పాత నూలు పంచె ముక్క, దారాలు రాలనిది, అన్నిటికన్నా మంచిది. గుడ్డతో కానీ బ్రష్షుతో కానీ చెక్క రేఖల వెంట పెట్టి, కొద్ది నిమిషాలాగి, మిగిలిందంతా పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. తుడవకపోతే పైన జిగటగా నిలిచి మచ్చలు పడతాయి. చెక్కిన డిజైన్లూ మూలలూ ఉన్నచోట బ్రష్ కావాలి: ఆయిల్ స్టెయిన్‌కి వెంట్రుకది, వాటర్ స్టెయిన్‌కి సింథటిక్‌ది. కోసిన చివరలు పక్కలకంటే చాలా ఎక్కువ పీల్చుకుని నల్లబడతాయి, అక్కడ తక్కువ పెట్టి వెంటనే తుడవండి. ముందుగా తలుపు కనబడని వైపో, వడ్రంగి వదిలేసిన ముక్క మీదో వేసి చూడకుండా మొదలుపెట్టొద్దు. టేకులో సహజంగా నూనె ఉంటుంది, థిన్నర్‌తో తడిపిన గుడ్డతో ఒకసారి తుడిస్తే స్టెయిన్ సమంగా పడుతుంది.

స్టెయిన్ మీద వేసే వార్నిష్‌కి మీ దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మంచి వెంట్రుక బ్రష్ తీయండి, వీలైతే దాన్ని రంగులో ఎప్పుడూ ముంచకుండా వార్నిష్‌కే ఉంచుకోండి. పారదర్శకమైన పూతలో పాత రంగు పలుకు ఒక్కటి రాలినా కనబడుతుంది. వాటర్ బేస్డ్ పీయూ (పాలీయురేతేన్ పూత) అయితే మెత్తటి సింథటిక్ బ్రష్. డబ్బాని గిలక్కొట్టొద్దు, పుల్లతో మెల్లగా కలపండి, లేదంటే బుడగలు చెక్క మీద దిగుతాయి. లక్క పలుకులు స్పిరిట్‌లో నానబెట్టి వేసే పాత ఫ్రెంచి పాలిష్‌కి బ్రష్ కన్నా, దూదిని నూలు గుడ్డలో చుట్టి చేసిన ముద్దే సాధనం. అది చేతికి అలవాటు కావాలి, పెద్ద పని అయితే పాలిష్ మేస్త్రీని పిలవడమే మేలు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు డెక్కులకీ ఫెన్సులకీ సొంతంగానే స్టెయిన్ వేసుకుంటారు కాబట్టి ఇంకో మాట. అక్కడ నూగు పొడవు కూడా అంగుళాల్లోనే రాస్తారు. 1/4 అంటే 6 మిల్లీమీటర్లు, 3/8 అంటే సుమారు 10, 1/2 అంటే 13, 3/4 అంటే 19. పైన చెప్పిన లెక్కే వర్తిస్తుంది. డెక్కు మీద రోలర్‌తో స్టెయిన్ పరిచినా వెంటనే 4 అంగుళాల బ్రష్షుతో లాగి పలకల సందుల్లోకి దించండి, ఒట్టి రోలర్ పైపైనే వదిలేస్తుంది.

పని అయ్యాక

భోజనానికి వెళ్ళేటప్పుడు బ్రష్షునీ రోలర్‌నీ పాలిథిన్ కవర్లో గాలి లేకుండా చుట్టి ఉంచితే చాలు, కడగక్కర్లేదు. రాత్రికి కూడా అలాగే ఉంచొచ్చు. రోజు ముగిశాక కడగాలంటే ముందు మిగిలిన రంగుని పాత న్యూస్‌పేపర్ మీద గీకండి. నీళ్ళ పెయింటు అయితే బకెట్ నీళ్ళలో సబ్బుతో, మొదళ్ళ దాకా వేళ్ళు పెట్టి కడగాలి. నూనె పెయింటు అయితే కొంచెం టర్పెంటైన్‌లో రెండుమూడు సార్లు ముంచి పిండి, తర్వాత సబ్బునీళ్ళు. వాడిన టర్పెంటైన్‌ని సీసాలో పోసి ఉంచితే రంగు అడుక్కి దిగి పైన తేరుతుంది, ఆ తేట మళ్ళీ వాడుకోవచ్చు. డ్రైనేజీలో పొయ్యొద్దు. పోగుల్ని నేరుగా దువ్వి, కాగితం చుట్టి, పిడి బొక్కకి దారం కట్టి తలకిందులుగా వేలాడదీయండి. డబ్బాలో పోగుల మీద నిలబెడితే తెల్లారేసరికి వంగిపోతాయి, ఆ వంపు ఇక పోదు.

ఆయిల్ స్టెయిన్, లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుట్టలో ఆ వేడి బయటికి పోక, నిప్పు తగలకుండానే అంటుకోవచ్చు. బయట నేల మీద ఒక్కోటి విడిగా పరిచి గట్టిపడేదాకా ఆరనివ్వండి, లేదా నీళ్ళు పోసిన డబ్బాలో ముంచి మూత పెట్టండి.

స్లీవ్ కడిగాక నూగు గట్టిగా అట్టకట్టి ఉంటే పారేయండి. బ్రష్ మొదట్లో రంగు గట్టిపడి పోగులు విడిపోతే దాన్ని దుమ్ము దులపడానికీ, రెడ్ ఆక్సైడ్ కొట్టడానికీ పక్కన పెట్టుకోండి. వచ్చే ఏడాది దాన్నే మళ్ళీ తలుపుకి వాడదామని దాచొద్దు.